వెనక్కి లాగిన గాలి

పోయినవారం మీరు నన్ను గాజుగదిలో, తెరిచిన నోరు తెరిచినట్టే వదిలేసి, పేజీ తిప్పి ఎవరి పనుల్లోకి వాళ్ళు వెళ్ళిపోయారు. మీకేం, హాయి. నేను మాత్రం అదే కుర్చీలో, అదే నోటితో ఉన్నాను.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను, పాతవాళ్ళు ఓపిక పట్టండి. నేను ఆటలు తయారుచేస్తాను. ఫోన్లో ఆడేవి కావు. బల్లమీద అట్ట పరిచి, పాచికలు వేసి, పక్కవాళ్ళతో పోట్లాడుకుంటూ ఆడేవి. ఏళ్ళ తరబడి మా ఇంటి వెనకగదిలో ఒక్కదాన్నే కూర్చుని చేశాను. నలుగురు ఆడాల్సిన ఆటని ఒక్కదాన్నే ఆడి చూసుకోవాలి కాబట్టి నలుగురు మనుషుల్ని కల్పించుకున్నాను: తొందరబాబు, పిసినారి పిన్ని, మొండిఘటం, లెక్కల మావయ్య. ఒక్కొక్కరికీ ఒక్కో గొంతు, ఒక్కో కుర్చీ. కుర్చీ మారినప్పుడల్లా గొంతు మార్చి, ఎత్తు వేసి, అవతలివాళ్ళని తిట్టి, ఇవతలికొచ్చి ఆ తిట్లు తినేదాన్ని. తలుపు వేసుంటే లోపల పెద్ద సంసారమే ఉందని గ్యాస్ బండ తెచ్చేవాడు కూడా నమ్మేవాడు.

మోకాలి ఆపరేషనయ్యాక మా అత్తగారికి ఆ గది కావలసి వచ్చింది. "నీకూ నలుగురి మధ్య ఉన్నట్టుంటుందిలే" అన్నాడు మా ఆయన. మా చెల్లెలు తను పనిచేసే బిల్డింగులోనే, తనకి కింది అంతస్తులో నాకో బల్ల ఇప్పించింది. ఉమ్మడి కుటుంబం మనకి తెలుసు. ఇది ఉమ్మడి ఆఫీసు. కోవర్కింగ్ అంటారట.

మొదట్లో నరకం. బాత్రూమ్‌కి వెళ్ళాలన్నా పక్కబల్లకి చెప్పి వెళ్ళేదాన్ని. ఫ్రిజ్‌లో నా పాలప్యాకెట్టు మీద నా పేరు రాసి పెడితే, తాగేసిన మహానుభావుడెవరో దానికింద థాంక్స్ అని రాసిపెట్టాడు. ఏసీ పెంచేవాళ్ళు కొందరు, తగ్గించేవాళ్ళు కొందరు, మధ్యలో శాలువా కప్పుకుని నేను. ఇవన్నీ ఓర్చుకున్నాను కానీ, పెద్ద చిక్కు నా నోటితోనే వచ్చింది. నా పని నడిచేదే నోటితో. గొంతు తగ్గించి గొణగడం నేర్చుకున్నాను, గొణక్కుండా ఉండటం మాత్రం నా వల్ల కాలేదు.

అదృష్టం కొద్దీ నా ఎదురుబల్ల పిల్ల పొద్దున్నే పసుప్పచ్చ హెడ్‌ఫోన్స్ తగిలించుకుందంటే సాయంత్రం దాకా తియ్యదు. ఆ ఆఫీసులో గట్టి నియమం ఒక్కటే: హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నవాళ్ళని కదిలించకూడదు, వాళ్ళు అక్కడ లేనట్టే లెక్క. ఒంటరిగా పనిచేసొచ్చిన నాకు అది ఇంకోలా అర్థమైంది. వాళ్ళకి ఏమీ వినపడదనుకున్నాను. దానికి చెవులమ్మ అని పేరు పెట్టుకుని, దాని ఎదురుగా కూర్చుని, నెలల తరబడి నా నలుగురితో నేను నిశ్చింతగా మాట్లాడుకున్నాను.

అలా తయారైందే 'అవతలి ఒడ్డు'. ఒక సరస్సు, నాలుగు పడవలు, మోయలేనంత సరుకు. సరుకు వదులుకోకుండా తొందరపడితే పడవ మునుగుతుంది. ఇప్పటిదాకా నేను చేసిన ఏ ఆట పెట్టెమీదా నా పేరు లేదు, అన్నీ కంపెనీల పేర్లే. దీనిమీద నా పేరు వేస్తామని బొమ్మల కంపెనీ మేడమ్ మాటిచ్చింది. ఆ మేడమే పోయినవారం గాజుగదిలో నా ఆటంతా చూసి, మెచ్చుకుని, తన సంచీలోంచి ఇంకో పెట్టె తీసి నా ముందు పెట్టింది. మూత తీశాను. ఒక సరస్సు. నాలుగు పడవలు. మోయలేనంత సరుకు.

అక్కడే మీరు పేజీ తిప్పారు.

*

"ఇది మీకంటే ముందే మా దగ్గరికి వచ్చిందండీ" అంది మేడమ్.

"ఎవరిది?"

"పేరు చెప్పకూడదు. వాళ్ళిచ్చిన అడ్రసు మాత్రం ఈ బిల్డింగే."

నా నోరు అప్పటికి మూతబడింది. మళ్ళీ తెరిచి ఏదో అనబోయాను. మేడమ్ చెయ్యి అడ్డం పెట్టింది. మంచి మనిషే, కానీ మంచి మనుషులు కూడా వ్యాపారం దగ్గర వ్యాపారంలాగే మాట్లాడతారు.

"మీరు కాపీ కొట్టారని నేను అనను. అలాగని వాళ్ళు కొట్టారనీ అనలేను. భోజనాలయ్యాక వాళ్ళని కూడా రమ్మన్నాను. ఎదురుబొదురు కూర్చుంటే తేలిపోతుంది."

"తేలకపోతే?"

"తేలకపోతే ముందొచ్చినవాళ్ళ పేరే పడుతుంది. ఇంకేం చెయ్యనండీ నేను?"

రెండు పెట్టెలూ బల్లమీదే ఉంచి, ఇవి గది దాటకూడదని చెప్పి, పై అంతస్తులో ఇంకెవరితోనో పనుందని వెళ్ళిపోయింది. గాజుగోడలోంచి ఆఫీసంతా కనిపిస్తోంది. అందరూ వంచిన తల ఎత్తకుండా పనిచేసుకుంటున్నారు. ఎదురుగా నా బల్ల. దాని ఎదురుగా పసుప్పచ్చ హెడ్‌ఫోన్స్.

ఈ బిల్డింగులో నా ఆట గురించి తెలిసినవాళ్ళు ఎవరున్నారు? నేను నోరు విప్పింది ఎవరి ఎదుట? అంతే, ఇంకేం ఆలోచించలేదు. ఒళ్ళు మండిపోయింది.

గాజుగది బయటికి అడుగు పెట్టేసరికి మా చెల్లెలు ఎదురైంది. పెళ్ళయి ఇద్దరు పిల్లలున్నా ఇంట్లో అందరికీ అది 'చిన్నది'. పొద్దున్న మేడమ్ వస్తోందని దానికొక్కదానికే చెప్పాను, ఏమైందో కనుక్కుందామని దిగి వచ్చింది. చెప్పాను. దాని మొహం పాలిపోయింది. నా మీద ప్రేమ అనుకున్నాను.

"నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నానక్కా, ఆ పిల్ల వాలకమే నాకు నచ్చలేదని" అంది చెవులమ్మ వైపు చూసి. "పద, నలుగురిలో అడుగు. ఇలాంటివాళ్ళని పక్కకి పిలిచి అడిగితే కథలు చెప్తారు."

నలుగురిలోనే అడిగాను. అడగడం ఏమిటి, నేరుగా వెళ్ళి, ఆ పిల్ల తలమీంచి హెడ్‌ఫోన్స్ లాగేశాను. ఆ ఆఫీసులో ఎవరూ చెయ్యకూడని పని అది. కీబోర్డులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. లాగినవాటిని నా చెవికి పెట్టుకున్నాను. పాట లేదు, మాట లేదు. గాలి కూడా లేదు.

"నువ్వు... ఇన్నాళ్ళూ వింటూనే ఉన్నావా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవాలి కదా. ఈ పిల్ల తడుముకోలేదు. లేచి నిలబడింది. చెవులు ఎర్రగా కమిలి ఉన్నాయి.

"అవునాంటీ, విన్నాను."

"ఎంత?"

"అంతా. పాటలు పెట్టుకుంటే నాకు పని సాగదు. ఇవి పెట్టుకోకపోతే ప్రతివాళ్ళూ పలకరిస్తారు. అందుకే ఊరికే పెట్టుకుంటాను." నా చేతిలోని హెడ్‌ఫోన్స్ చూస్తూ, "మీ పిసినారి పిన్ని అంటే నాకు చాలా ఇష్టం. ఆవిడ మాట్లాడని రోజు నాకు తోచదు" అంది.

ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు పుండు మీద కారం చల్లినట్టయింది. ఇన్నాళ్ళూ తలుపు వేసుకున్నాననుకున్న గదికి అసలు తలుపే లేదు. నా గొంతులు, నా తిట్లు, మొండిఘటం ఓడిపోయినప్పుడు నేను పెట్టే ఏడుపు, అన్నీ ఆఫీసంతటికీ వినోదం అన్నమాట.

"విని ఎంతకి అమ్ముకున్నావు?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. నా నలుగురిలో ఎవరిదీ కాదు.

ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి కానీ తల దించలేదు. "నేను అమ్మలేదాంటీ. మీరు నమ్మరని తెలుసు. ఇందాక మీ చెల్లెలితో అంటున్న ఆ రెండో ఆట నాకొకసారి చూపించండి. ఇక్కడ మీ నోటివెంట వచ్చిన ప్రతి మాటా నాకు తెలుసు. అందులో ఏది మీ నోటి నుంచి విన్నదో, ఏది విననిదో చెప్తాను. మీ ఆటలో ఉండి నేను విననిది ఒక్కటి అందులో ఉన్నా, నేను దొంగని కానట్టే కదా?"

"దాంతో మాటలేమిటక్కా!" అని చిన్నది నా మోచెయ్యి పట్టుకుంది. కానీ ఆ పిల్ల అడిగిన దాంట్లో న్యాయం ఉంది. నేను ఆటలు చేసేదాన్ని, నియమం సరిగ్గా ఉంటే శత్రువు పెట్టినా ఒప్పుకుంటాను.

"రా" అన్నాను.

"సరే, నేను కాఫీ తెస్తాను. నువ్వు మాత్రం దాన్ని వదలకు" అని చిన్నది లిఫ్టు వైపు ఓసారి చూసి, కాఫీ మిషన్ దగ్గరికి వెళ్ళింది.

*

చెవులమ్మ ఆ రెండో పెట్టెలోని ఒక్కొక్క వస్తువే తీసి బల్లమీద పెడుతూ పోయింది.

"పడవలు విన్నాను. సరుకు విన్నాను. బస్తా నీళ్ళలో పారేస్తే రెండు గడులు ముందుకి, అదీ విన్నాను, పిసినారి పిన్ని ఒప్పుకోకపోతే మీరు చాలాసేపు బతిమాలారు. సుడిగుండాలు కూడా విన్నాను." ఒక్కోటి చెప్తుంటే నేను ఒక్కో వేలు మడిచి లెక్కపెడుతున్నాను. ఇన్ని విన్నది అమ్ముకోకుండా ఉంటుందా అనిపిస్తోంది.

అడుగున మిగిలిన చిన్న బూడిదరంగు బిళ్ళ తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదేమిటాంటీ? ఇది నేనెప్పుడూ వినలేదు."

నాకు తెలుసు అదేమిటో. అది గాలి.

మీకు కూడా చెప్పాలి. ఈ ఆటలో పడవ మునిగినవాళ్ళు లేచి వెళ్ళిపోరు, గాలి అయిపోతారు. తమ వంతు వచ్చినప్పుడల్లా తమకి నచ్చిన పడవని ఒక గడి ముందుకి తోస్తారు. అంటే, ఓడిపోయినవాళ్ళ చేతిలోనే గెలిచేది ఎవరన్నది ఉంటుంది. నా ఆట మొత్తంలో నాకు ప్రాణమైన నియమం అదే. దాన్ని నేను ఆఫీసులో ఒక్కసారి కూడా అనలేదు. దాచిపెట్టానని కాదు, అనే అవసరమే రాలేదు. గాలిని ఒంటరిగా ఆడి చూడటం కుదరదు. నా నలుగురిలో ఎవరు ఓడినా నిజంగా ఉడుక్కునేది ఎవరు? నేనేగా. ఉడుక్కున్న మనిషి ఎవరిని తోస్తాడో తెలియాలంటే నిజంగా ఓడిపోయే ఇంకో మనిషి కావాలి.

ఆ ఇంకో మనిషి కోసమే ఒక ఆదివారం నేను చిన్నదాన్ని ఇంటికి పిలిచాను. చిన్నప్పటినుంచీ అది ఓడిపోతే అట్ట ఎగరేసి పోయే రకం. ఆ నియమం నాకు తట్టిందే దాని వల్ల. ఆరోజు దాని పడవ ముందే మునిగింది. లేవబోతుంటే చెయ్యి పట్టి కూర్చోబెట్టి, "నువ్వు ఇప్పుడు గాలివి, ఎవరినైనా ముందుకి తొయ్యి" అన్నాను. పకపకా నవ్వి నా పడవనే ఒడ్డుదాకా తోసింది. "ఎంత బాగుందక్కా, ఓడినా బాగుంది" అంది. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి ఆరోజు.

చెవులమ్మ పెట్టె మూత వెనక అంటించిన నియమాలు చదువుతోంది. "మునిగినవాళ్ళు గాలి అవుతారు. గాలి ఏ పడవనైనా ఒక గడి వెనక్కి లాగుతుంది."

"వెనక్కా?"

"వెనక్కే ఉందాంటీ."

నేను కుర్చీలో వెనక్కి వాలాను. మునిగినవాళ్ళు సాయం చేసే ఆటని తీసుకెళ్ళి, మునిగినవాళ్ళు ఏడిపించే ఆట చేశారు. ఎవరో చేశారని ఇంకా అనుకుంటున్నాను చూడండి. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టలేక కాదు, పట్టుకోవడానికి చెయ్యి రాదు. గాలి సంగతి తెలిసింది చిన్నదానికొక్కదానికే, అది నా చేతులమీద పెరిగిన పిల్ల. అమ్మ పనికి వెళ్తే జడలు వేసింది నేను. నా మొదటి ఆట దానికోసమే చేశాను, దానికి జ్వరం వస్తే మంచంలోనే ఉంచడానికి.

"ఏమైందాంటీ?" అంది చెవులమ్మ.

"ఆ పెట్టె సర్దేసి మూత పెట్టు" అన్నాను. "నా అట్ట పరుచు. ముగ్గురం ఆడదాం."

*

చిన్నది రెండు కప్పులతో వచ్చింది. ఆ పిల్లకి తేలేదు.

"ఒప్పుకుందా?"

"ఇంకా లేదు. మేడమ్ వచ్చేలోగా నా ఆట ఒకసారి సరిచూసుకోవాలి, ముగ్గురుంటే బాగుంటుంది. కూర్చో."

"ఇప్పుడా?"

"నాకు మనసు నిలవట్లేదే. ఆడితే కాస్త కుదుటపడతాను."

అది నిజమే. కూర్చుంది. మూత పెట్టి ఉన్న రెండో పెట్టె వైపు చూసి, "నేనింకా దాని మొహం కూడా చూడలేదు. చూడాలన్నా అసహ్యంగా ఉంది" అంది. అడక్కుండానే అంది.

చిన్నదాని ఆట నాకు కొట్టినపిండి. సరుకు వదలదు, ఆగదు. కాసేపటికే దాని పడవ సుడిగుండంలో పడి మునిగింది. నా పడవ ఒడ్డుకి నాలుగు గడుల దూరంలో ఉంది, చెవులమ్మది ఎక్కడో వెనక. ఆ పిల్ల ఊపిరి బిగబట్టి కూర్చుంది. ఎటు జరపాలో చెప్పకుండా, గాలి బిళ్ళ తీసి చిన్నదాని ముందు పెట్టాను.

చిన్నది ఫోన్ చూసుకుంటోంది. ఫోన్ మీంచి కళ్ళు తియ్యకుండానే చెయ్యి చాచి, నా పడవని పట్టుకుని, ఒక గడి వెనక్కి జరిపింది.

పాచికలు నా చేతిలోనే ఉండిపోయాయి.

"వెనక్కి లాగావేం?"

"గాలేగా? వెనక్కే కదా లాగేది."

"ఎవరు చెప్పారు?"

అప్పుడు ఎత్తింది తల. నా మొహం చూసింది, పడవ చూసింది, మూత పెట్టిన పెట్టె వైపు చూసింది. దాని చెయ్యి ఇంకా నా పడవ మీదే ఉంది. చెవులమ్మ మెల్లగా లేవబోతే నేనే భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాను. సాక్షి కావాలని కాదు. ఒక్కదాన్నే ఉండలేక.

"ఆ ఆదివారం నాతో ఆడినప్పుడు ముందుకి తోశావు" అన్నాను. "నా ఆటలో గాలి ముందుకే తోస్తుంది. వెనక్కి లాగేది ఒక్క ఆ పెట్టెలోనే. ఎన్నిసార్లు ఆడితే చేతికి అలా అలవాటవుతుంది చిన్నదీ?"

"అక్కా, అది కాదు..."

"ఈ పిల్లని అందరిలో దొంగ అనిపించావు నా చేత. నా పక్కన నిలబడి, నా మోచెయ్యి పట్టుకుని మరీ."

"నేను చెప్పేది విను..."

"ఏం వినాలి? నీకేం తక్కువ చేశానే? నా పేరు ఒక్క పెట్టె మీద పడుతుందని నీ ఒక్కదానికే చెప్పుకున్నాను. ఆ పేరు చెరిపి నీ పేరు రాసుకోవడానికి నీకు చెయ్యెలా వచ్చింది?"

చిన్నది ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కోపం వచ్చింది దానికి. నాకొచ్చే కోపం లాంటిదే, ఒకే తల్లి పిల్లలం కదా.

"నా పేరా? నా పేరు పెట్టుకున్నానని నీకెవరు చెప్పారు? నియమాలు చెప్పాను, నిజమే. గాలిని వెనక్కి తిప్పాక కూడా ఆడి చూపించాను, అదీ నిజమే. నీకోసమే అనుకుని చెప్పాను. అక్కకి చెప్పకుండా మంచి ధరకి మాట్లాడి ఆశ్చర్యపరుద్దామంటే నమ్మాను. అడ్రసు నా ఆఫీసుదే ఇచ్చాను, తర్వాత తెలిసింది, పేరు వేరేదని. అప్పటికే పెట్టె వెళ్ళిపోయింది. నీకు ఎలా చెప్పాలో తెలియలేదు." ఊపిరి పీల్చుకుంది. "అక్క పేరుకి మార్చమని కాళ్ళావేళ్ళా పడ్డానక్కా. వద్దన్నది బావ."

నాకు అర్థం కాలేదు. మాటలన్నీ తెలిసినవే, కలిపితే అర్థం కాలేదు. నా ఆటలంటే చిన్నపిల్లల గోల అనే మనిషి. గాలి నియమం మేం ఆడిన ఆదివారం పక్కగదిలో గుర్రుపెట్టి నిద్రపోయిన మనిషి.

"అబద్ధం" అన్నాను.

చిన్నది నా వెనక, గాజుతలుపు వైపు చూస్తోంది.

తలుపు తెరుచుకుంది. "అందరూ ఇక్కడే ఉన్నారే, మంచిదైంది" అంటూ మేడమ్ లోపలికొచ్చింది. "రెండో ఆట తయారుచేసినాయన కూడా వచ్చారండీ. రండి సార్, లోపలికి రండి."

మెడలో సందర్శకుల కార్డు వేసుకుని మా ఆయన లోపలికొచ్చాడు. చిన్నదాన్ని చూడలేదు. బల్లమీద పరిచిన నా సరస్సుని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. పొద్దున్న నా చేతి కాఫీ తాగి వెళ్ళిన మనిషి, మేడమ్ ఎదుట, నాకు రెండు చేతులూ జోడించాడు.

"నమస్కారమండీ" అన్నాడు. "ఇదే ఆట మీరు కూడా చేశారట. మీ పేరేమిటన్నారు?"